ఉక్కు కన్నా గట్టి చెక్క సరే, అది మట్టిలో ఎన్నేళ్ళు ఉంటుందో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య మీ సైన్స్ పేజీలో ఒక వార్త వచ్చింది సార్, చెక్కని ఉక్కు కన్నా గట్టిగా చేసే టెక్నాలజీ వచ్చేసింది ఇక బిల్డింగులన్నీ దాంతోనే అన్నట్టు. అదే వారం ఎడిట్ పేజీలో ఇంకొకాయన, కలప వాడకం పూర్తిగా మానేస్తే తప్ప అడవులు బతకవని రాశారు. ఒకరేమో ఆకాశానికి ఎత్తేశారు, ఇంకొకరు మొత్తానికే వద్దనేశారు, యూనివర్సిటీల్లో చెక్క మీద రీసెర్చ్ చేసే వుడ్ సైన్స్ వాళ్ళు రోజూ కూర్చుని చేసే పని మాత్రం రెండింట్లోనూ భూతద్దం పెట్టి వెతికినా కనబడలేదు. నేను ఒకప్పుడు ఈ సబ్జెక్టు చదివినోణ్ణే, ఇప్పుడు పొట్టకూటికి వేరే పని చేస్తున్నా గానీ దీని గురించి చదవడం మాత్రం మానలేదు. ఉత్తరం కాస్త పెద్దదే, ఓపిక చేసుకోండి. జాగా లేక కత్తిరించాల్సి వస్తే జిగురు గురించి రాసింది మాత్రం ఉంచండి ప్లీజ్.

ముందు ఆ ఉక్కు చెక్క సంగతి. వార్త అబద్ధమేం కాదు. 2018లో అమెరికాలోని మేరీలాండ్ యూనివర్సిటీ వాళ్ళు నేచర్ జర్నల్లో వేసిన పేపర్ దీనికి మూలం. చెక్కని కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైట్ కలిపిన నీళ్ళలో గంటల తరబడి ఉడకబెడితే లోపలి పోగుల్ని పట్టి ఉంచే లిగ్నిన్, హెమీసెల్యులోజ్ అనే పదార్థాలు కొంత కొంత కరిగి బయటికొస్తాయి, అలా మెత్తబడ్డ చెక్కని సుమారు 100 డిగ్రీల వేడిలో ప్రెస్సు కింద నొక్కితే మందం ఐదో వంతుకి దిగిపోతుంది, లోపలి ఖాళీలన్నీ అణిగిపోతాయి, బలం పది రెట్లకి పైగా పెరుగుతుంది. బ్రహ్మాండమైన పనే, కాదనట్లేదు. కానీ మందం ఐదో వంతుకి దిగిందంటే ఒక పలక కావాలంటే ఐదు పలకల మందం చెక్క పెట్టాలి కదా, ఉడకబెట్టగా మిగిలిన ఆ నీళ్ళలోంచి కెమికల్స్ మళ్ళీ పట్టుకోవాలి కదా, ప్రెస్సుకి కరెంటు కావాలి కదా. ఇవన్నీ పోగా ఎంత మిగిలిందో చెప్తేనే అది పర్యావరణం వార్త అవుతుంది, లేకపోతే సర్కస్ వార్తే.

గాజు లాంటి చెక్క అని ఇంకోటి రెండు మూడేళ్ళకోసారి తిరిగి తిరిగి వస్తుంటుంది. స్వీడన్‌లో కేటీహెచ్ అనే యూనివర్సిటీ వాళ్ళు 2016లో చేసింది అది. చెక్కలోంచి రంగుకి కారణమైన లిగ్నిన్ తీసేసి ఆ ఖాళీల్లో ప్లాస్టిక్ లాంటి పాలిమర్ నింపుతారు, అప్పుడు వెలుతురు లోపలికి దూరిపోతుంది. మీ వార్త చదివిన వాళ్ళకి అందులో చెక్క పాలు తక్కువ, పాలిమరే ఎక్కువ అని తెలిసే చాన్సే లేదు. ఆ రీసెర్చర్లు మాత్రం ఊరికే కూర్చోలేదు, 2021లో నారింజ తొక్కల్లో దొరికే లిమోనీన్ నుంచి తయారైన పాలిమర్ వాడి చూపించారు. మొదటి దానికంటే నాకు ఇదే పెద్ద విషయం, కానీ హెడ్‌లైన్‌కి పనికిరాదు కాబట్టి ఎవరికీ పట్టలేదు.

ఇంతకీ వుడ్ సైన్స్‌లో సగం గొడవ నీళ్ళతోనే సార్. చెక్కని మైక్రోస్కోపు కింద అడ్డంగా చూస్తే స్ట్రాల కట్టలా ఉంటుంది, సన్నటి గొట్టాలు నిలువుగా పక్కపక్కన పేర్చినట్టు. ఆ గొట్టాల గోడల్లో సెల్యులోజ్ పోగులు, వాటిని పట్టి ఉంచే లిగ్నిన్. చెట్టు కొట్టినప్పుడు నీళ్ళు గొట్టాల్లోనూ ఉంటాయి, గోడల్లోనూ ఉంటాయి. గొట్టాల్లో నీళ్ళు పోయినంతసేపూ బరువు తగ్గుతుందే గానీ సైజు మారదు, తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లో నీళ్ళు పోవడం మొదలవుతుంది, చెక్క కుంచించుకుపోవడం అప్పుడే మొదలు. ఈ హద్దుని 1906లో హారీ టైమన్ అనే అమెరికన్ గుర్తించి ఫైబర్ శాచురేషన్ పాయింట్ అన్నాడు, ఇప్పటికీ క్లాసులో మొదట చెప్పేది అదే. పైగా ఈ కుంచించుకోవడం అన్ని వైపులా ఒకేలా ఉండి చావదు, పొడుగు దాదాపు మారదు, వలయాల వెంబడి తగ్గేది మాత్రం నడిమి వైపుకి తగ్గేదానికి ఇంచుమించు రెట్టింపు ఉంటుంది. అందుకే గుండ్రటి దుంగ ఎండితే అంచు నుంచి నడిమి దాకా చీలుతుంది, పలక ఎండితే అంచులు లేస్తాయి. తలుపు వానల్లో బిగుసుకుపోయి ఎండల్లో వదులయ్యేది కూడా ఇందుకే, వడ్రంగి తప్పేం లేదు.

ఎండబెట్టడం అంటే ఏముంది ఎండలో పడేయడమే కదా అనుకుంటారు. కిల్న్‌లో, అంటే చెక్క ఎండబెట్టే వేడి గదిలో, తొందరపడి వేడి పెంచితే పైపొర ఎండి బిగుసుకుపోతుంది, లోపల ఇంకా తడే, ఆ లాగుడుకి పైన పగుళ్ళు, తర్వాత లోపలా పగుళ్ళు, రంపం పెట్టగానే పలక వంకర తిరిగి బ్లేడుని పట్టేసుకుంటుంది. మెల్లగా ఎండబెడితే బూజు, రోజుల తరబడి కరెంటు ఖర్చు. ఏ జాతి చెక్కకి ఏ మందానికి ఎంత వేడి, ఎంత తేమ, ఎన్ని గంటలు అని షెడ్యూల్స్ ఉంటాయి, ఒక్కో షెడ్యూల్ వెనకాల ఎవరో ఒకరు తూకం వేసుకుంటూ కూర్చున్న నెలలున్నాయి. ఈ లెక్కలకి ఎవడూ ప్రైజులివ్వడు, ప్రెస్ మీట్లు పెట్టడు. కానీ పగిలి పారేసిన పలక అంటే కొట్టిన చెట్టు వృథా అయినట్టే, ఆ వృథాని కాస్త తగ్గించినా ఎన్ని చెట్లు మిగులుతాయో మీరే చూసుకోండి. అసలు దుంగ నుంచి పలకలుగా వచ్చేదే చాలా మిల్లుల్లో సగం అటూ ఇటూ, మిగతాది పొట్టు, బెరడు, ముక్కలు. స్వీడన్‌లో లూలియో యూనివర్సిటీ వాళ్ళు దుంగలకి సీటీ స్కాన్ తీసే పద్ధతి మీద ఏళ్ళ తరబడి పనిచేశారు, కోయక ముందే లోపల ముడులు ఎక్కడున్నాయో చూసుకుని దుంగని ఎటు తిప్పి కోస్తే మంచి పలకలు ఎక్కువొస్తాయో కంప్యూటర్ చెప్తుంది. మనిషికి తీసినట్టే చెట్టుకీ స్కానింగా అని నవ్వొస్తుంది గానీ పెద్ద మిల్లుల్లో నిజంగానే వాడుతున్నారు.

ఇక చెద, శిలీంధ్రాలు. ఇక్కడ మీ పేపర్ ఎప్పుడో రాయాల్సిన మనిషి ఒకాయనున్నారు, శొంఠి కామేశం గారు, డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో 1933లో సీసీఏ అనే మందు కనిపెట్టారు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు అది. రాగి శిలీంధ్రాల్ని ఆపుతుంది, ఆర్సెనిక్ పురుగుల్ని చంపుతుంది, క్రోమియం ఆ రెండూ వానకి కొట్టుకుపోకుండా చెక్కలోనే పట్టి ఉంచుతుంది. ప్రపంచమంతా కరెంటు స్తంభాలకి, కంచెలకి దశాబ్దాల పాటు వాడిన మందు ఇదే. పేరు వింటేనే మనాయన అని తెలుస్తుంది, కానీ ఆయన ఎవరో మనలో ఎంతమందికి తెలుసో నాకు డౌటే. ఆర్సెనిక్ కొంచెం కొంచెంగా మట్టిలోకి దిగుతోందని తేలాక అమెరికాలో 2003 చివరికల్లా ఇళ్ళకి వాడే కలపలో దాన్ని ఆపేశారు. ఆయన పని తప్పని దీనర్థం కాదు, ఆ కాలానికి అదే గొప్ప, తర్వాత వచ్చిన వాళ్ళ పని అంతకంటే మంచిది వెతకడం.

వెతికారు కూడా. ఫిన్లాండ్‌లో 1990లలో చెక్కని ఆవిరి మధ్య 190 నుంచి 212 డిగ్రీల దాకా కాల్చకుండా వేడిచేసి చూశారు, శిలీంధ్రాలు ఇష్టంగా తినే హెమీసెల్యులోజ్ చెడిపోతుంది, చెక్క నీళ్ళు పీల్చడం తగ్గుతుంది, మందు చుక్క కూడా అక్కర్లేదు. కాకపోతే కాస్త పెళుసెక్కుతుంది కాబట్టి దూలాలకి పనికిరాదు, గోడల మీద పలకలకి, వరండా నేలకి వాడతారు. ఇంకో దారి ఎసిటైలేషన్, ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ అనే కెమికల్‌తో చెక్కలోని ఆ గొట్టాల గోడల్లో నీళ్ళు అంటుకునే చోట్లని ముందే నింపేయడం. అమెరికాలో మాడిసన్‌లో విస్కాన్సిన్ యూనివర్సిటీ సాయంతో 1910లో పెట్టిన ఫారెస్ట్ ప్రొడక్ట్స్ ల్యాబొరేటరీలో ఆల్‌ఫ్రెడ్ స్టామ్, హెరాల్డ్ టార్కో దీన్ని 1940లలోనే చేసి చూపించారు. ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున తయారై అమ్మకానికి వచ్చింది 2007లో, అదీ నెదర్లాండ్స్‌లో. మధ్యలో అరవై ఏళ్ళు! ఆ అరవై ఏళ్ళూ ఏదో ఒక యూనివర్సిటీలో ఎవరో ఒకరు ఆ ఫైలు మూయకుండా పట్టుకుని ఉన్నారు కాబట్టే అది బయటికొచ్చింది.

ఇలాంటివి పనిచేస్తాయో లేదో ఎలా తెలుస్తుంది అంటే, మట్టిలో పాతిపెట్టి చూడటమే, వేరే గతి లేదు. యూరప్ పద్ధతిలో అయితే 50 సెంటీమీటర్ల పొడుగు, 5 వెడల్పు, రెండున్నర మందం ఉన్న కర్రలు చేసి సగం దాకా మట్టిలో పాతుతారు, మందు పెట్టినవి కొన్ని, పెట్టనివి కొన్ని, పక్కపక్కనే వరసగా. ఏడాదికోసారి వెళ్ళి ఒక్కోదాన్నీ చిన్నగా తట్టి చూస్తారు, విరిగిందా సరే సున్నించి నాలుగు దాకా ఉన్న స్కోరులో నాలుగు వేస్తారు, విరగకపోతే పైకి లాగి మట్టి తుడిచి మెత్తబడ్డ చోట చాకుతో గుచ్చి మార్కు వేసి మళ్ళీ అదే గుంటలో పెడతారు. ఆ ఫీల్డుని ఈ లైన్లో వాళ్ళు శ్మశానం అంటారు, చూడ్డానికి నిజంగా అలాగే ఉంటుంది. కనీసం ఐదేళ్ళు చూడాలి, చాలా చోట్ల ఇరవై, ముప్ఫై ఏళ్ళు కూడా చూస్తారు. అమెరికాలో మిసిసిపీలో సాసియర్ దగ్గర ఇలాంటి ఫీల్డులో 1930ల నుంచి కర్రలు పాతుతూ వస్తున్నారు, పాతినోళ్ళు రిటైరై పోయినా తర్వాతోళ్ళు వచ్చి మార్కులేస్తున్నారు. రీసెర్చ్ అంటే నా మటుకు ఇదీ.

జిగురు దగ్గరికొస్తా. ప్లైవుడ్, చెక్క ముక్కలు అతికించి చేసే పార్టికల్ బోర్డు, చెక్క పీచుతో చేసే ఎండీఎఫ్ బోర్డు ఇవన్నీ లేకపోతే చిన్న చెట్లు, పొట్టు, ముక్కలు ఎందుకూ పనికిరావు, పెద్ద చెట్లే కొట్టాలి. కాబట్టి కలప పొదుపుగా వాడటం అంటే సగం జిగురు సంగతే. ఎక్కువగా వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్, చవక, తొందరగా గట్టిపడుతుంది, కానీ కొత్త బీరువా తలుపు తీయగానే కళ్ళు మండే ఆ వాసన దాందే. ఫార్మాల్డిహైడ్ మనుషులకి కేన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం 2004లో తేల్చి చెప్పింది. ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో కైచాంగ్ లీ అనే ప్రొఫెసర్ సముద్రపు ఒడ్డున రాళ్ళకి అతుక్కుని ఉండే ఆల్చిప్పల్ని చూసి, అలలు అంత బాదుతున్నా ఇవి ఊడట్లేదు, అదీ నీళ్ళలో, ఎలా అని ఆలోచించాడు. వాటి జిగురు ప్రోటీనే అని తెలుసు, మరి చవగ్గా దొరికే సోయా ప్రోటీన్‌ని దానిలాగా పనిచేసేలా మార్చగలమా అని మొదలుపెట్టి, నిజంగానే మార్చాడు. ఒక ప్లైవుడ్ కంపెనీ 2005 నుంచి తన ఫ్యాక్టరీల్లో ఆ జిగురుకి మారిపోయింది, 2007లో దానికి అమెరికా ప్రెసిడెంట్ పేరు మీద ఇచ్చే గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు కూడా వచ్చింది. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసే కార్మికులు పీల్చే గాలి మారింది, ఆ ప్లైవుడ్‌తో చేసిన అల్మారా ఉన్న గదిలో పడుకునే పిల్లలు పీల్చే గాలి మారింది. ఉక్కు చెక్క మీద రాసిన దాంట్లో పావు వంతు కూడా దీని మీద రాసిన పేపర్ నాకు కనబడలేదు.

ఇప్పుడు కలపే వద్దన్న ఆయన గురించి. ఆయన బాధ నాకు అర్థమవుతుంది, ఐక్యరాజ్యసమితి ఎఫ్ఏఓ లెక్క ప్రకారం 2015 నుంచి 2020 దాకా ఏటా సుమారు కోటి హెక్టార్ల అడవి పోయింది, చిన్న విషయమేం కాదు. కానీ అందులో పెద్ద భాగం పోయింది పంట పొలాల కోసం, పశువుల మేత కోసం, కుర్చీలూ కిటికీల కోసం కాదు. ఇంకో సంగతి, ప్రపంచంలో కొట్టే కలపలో ఇంచుమించు సగం నేరుగా పొయ్యిలోకీ బొగ్గులోకీ పోతోంది. కలప మానేస్తే దాని బదులు ఏం వాడతారో కూడా ఆయన చెప్పాలి కదా. సిమెంటా? ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంటు తయారీదే. ఎండిన చెక్క బరువులో దాదాపు సగం కార్బనే, చెట్టు గాలిలోంచి లాక్కున్నది, ఆ చెక్క చెడకుండా ఉన్నన్నాళ్ళూ ఆ కార్బన్ అందులోనే ఉంటుంది. అందుకే ఆస్ట్రియాలో గ్రాజ్ టెక్నికల్ యూనివర్సిటీలో గెర్‌హార్డ్ షిక్‌హోఫర్ 1990ల నుంచి పలకల్ని అడ్డం నిలువు పొరలుగా అతికించే సీఎల్‌టీ మీద అంత పట్టుగా పనిచేశాడు, దానికే 2019లో మార్కస్ వాలెన్‌బర్గ్ ప్రైజు వచ్చింది. ఇప్పుడు నార్వేలో 85 మీటర్ల పైచిలుకు, అమెరికాలో మిల్వాకీలో 25 అంతస్తుల చెక్క బిల్డింగులున్నాయి. అంటుకుంటే ఏంటి గతి అని అందరూ అడుగుతారు, అడగాలి కూడా. లావు దూలం కాలేటప్పుడు పైన బొగ్గు పొర కట్టి లోపలికి వేడి వెళ్ళనివ్వదు, నిమిషానికి సుమారు 0.65 మిల్లీమీటర్లు చొప్పున కాలుతుందని పరీక్షల్లో తేలింది, కాబట్టి గంట సేపు నిలబడాలంటే ఎంత మందం అదనంగా ఇవ్వాలో ఇంజనీరు ముందే లెక్కేస్తాడు. ఇనుము అయితే వేడెక్కి మెత్తబడిపోతుంది.

అలాగని చెక్క అన్న ప్రతిదీ పచ్చదనమే అనే బ్యాచ్‌తో కూడా నాకు పేచీయే. కొట్టినంత మళ్ళీ పెరగకపోతే ఈ కార్బన్ లెక్కలన్నీ కాకి లెక్కలే. ఈ మాట 1713లోనే జర్మనీలోని సాక్సనీలో కార్లోవిట్జ్ అనే గనుల అధికారి చెప్పాడు, వెండి కరిగించే కొలుములకి అడవులు తరిగిపోతుంటే చూసి, పెరిగినంతే కొట్టండిరా బాబూ అని. ఇప్పటికీ మంచి దుంగల్ని ముక్కలు చేసి కరెంటు కోసం తగలబెట్టి దానికి గ్రీన్ ఎనర్జీ అని పేరు పెట్టే వాళ్ళున్నారు. వుడ్ సైన్స్ వాళ్ళు చెప్పేది వేరు, ముందు దూలంగా వాడు, అది పాతబడితే కోసి పలకలుగా వాడు, అదీ అయ్యాక బోర్డుగా, ఇక దేనికీ పనికిరాదు అన్నాక పొయ్యిలో పెట్టు. వినడానికి మామూలుగానే ఉంటుంది, కానీ పాత చెక్కలో మేకులు, రంగులు, పాత మందులు ఎక్కడున్నాయో కనిపెట్టి వేరు చేయడం పెద్ద తలనొప్పి, దాని మీద కూడా రీసెర్చ్ నడుస్తోంది.

దొంగ కలప సంగతి కూడా ఒక్క మాట. 2012లో ఇంటర్‌పోల్, ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం కలిసి ఇచ్చిన అంచనా, ప్రపంచ కలప వ్యాపారంలో 15 నుంచి 30 శాతం దాకా అక్రమమేనని. కాగితం మీద ఒక జాతి పేరు, లారీలో ఇంకో జాతి. అది పట్టుకోవాలంటే చెక్క ముక్క చూసి జాతి చెప్పగలిగే మనిషి ఉండాలి, పోల్చుకోడానికి పేరు రాసిపెట్టిన నమూనాలుండాలి. మాడిసన్‌లో ఇందాక చెప్పిన ల్యాబొరేటరీలో అలాంటి నమూనాలు లక్షకి పైగా ఉన్నాయి. అక్కడే పనిచేసిన ఆర్థర్ కోలర్ 1932లో పేరుమోసిన అమెరికన్ పైలట్ లిండ్‌బర్గ్ బిడ్డ కిడ్నాప్ కేసులో దొరికిన నిచ్చెన చెక్కల మీద చిత్రిక మిషన్ బ్లేడు గీతలు చూసి, అవి ఏ మిల్లులో కోసి ఏ డిపోకి వెళ్ళాయో దాకా లాగి కోర్టులో సాక్ష్యం చెప్పాడు. సినిమా కథకి తీసిపోదు. నేను చదివిన చోట మాత్రం, పేరెందుకు లెండి, బిల్డింగు రిపేర్లప్పుడు నమూనాల బీరువాలు వరండాలోకి తెచ్చి పడేశారు, వానకి తడిసి లేబుళ్ళన్నీ ఊడిపోయాయి. లేబుల్ ఊడిన నమూనా వంటచెరుకుతో సమానం.

యూనివర్సిటీల్లో ఇప్పుడున్న అసలు ఇబ్బంది ఏంటంటే ప్రాజెక్టు డబ్బు మూడేళ్ళకొస్తుంది, మట్టిలో పాతిన కర్రకి పదేళ్ళు కావాలి. పీహెచ్‌డీ కుర్రాడు నాలుగేళ్ళలో థీసిస్ ఇవ్వాలి, కాబట్టి సహజంగానే రెండు నెలల్లో రిజల్టు వచ్చే ల్యాబ్ పని వైపే పోతాడు, నానో అనో సూపర్ అనో పేరు తగిలిస్తే పేపర్ తొందరగా ఒప్పుకుంటారు, మీరూ తొందరగా వేస్తారు. కుర్రాణ్ణి తప్పు పట్టలేం. చాలా చోట్ల వుడ్ సైన్స్ డిపార్ట్‌మెంట్లు వేరే వాటిల్లో కలిసిపోయాయి, కొన్ని పేరు మార్చుకున్నాయి, వర్జీనియా టెక్‌లో ఉన్నది ఇప్పుడు సస్టైనబుల్ బయోమెటీరియల్స్ అయింది. పేరు మార్చుకుంటే పిల్లలు చేరతారంటే మార్చుకోనివ్వండి, కానీ చెక్క కోసి కింద పెట్టి జాతి చెప్పే క్లాసు, కిల్న్ దగ్గర నిలబెట్టి నేర్పే క్లాసు, కర్రలు పాతిన ఆ ఫీల్డు, ఈ మూడూ తీసేస్తే మిగిలేది కెమిస్ట్రీనే.

అందుకే మిమ్మల్ని అడిగేది ఇదీ. మళ్ళీ అద్భుత చెక్క వార్త ఏదైనా ఏజెన్సీ నుంచి వస్తే మీ సైన్స్ రిపోర్టర్ గారు ఆ రీసెర్చర్లకి ఒక మెయిల్ పెట్టి నాలుగు ప్రశ్నలు అడగాలి, ఎంత చెక్క పెడితే ఎంత వచ్చింది, ఏ కెమికల్స్ వాడారు వాటినేం చేశారు, బయట వానలో మట్టిలో ఎన్నేళ్ళు పెట్టి చూశారు, పాతబడ్డాక దాన్నేం చేయాలి. జవాబొస్తే వేయండి, రాకపోతే రాలేదని వేయండి. ఎడిట్ పేజీలో కలప మానేయమన్న ఆయనకి కూడా ఈ ఉత్తరం పంపండి, ఆయన జవాబు రాస్తే చదవాలని ఉంది. కామేశం గారి మీద ఒక ఆదివారం పూర్తి పేజీ వేస్తానంటే నా దగ్గరున్న మెటీరియల్ అంతా స్కాన్ చేసి పంపిస్తా.

ఇట్లు,
మీ పాత పాఠకుడు